తీగలకు నేను పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నేను అనుకునేవాణ్ణి కాను. డిగ్రీ పూర్తిచేసి, గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చి, మధురవాడలో అపార్ట్‌మెంట్లు కట్టే ఒక కంపెనీలో సైటు సూపర్‌వైజరుగా చేరి నెల కూడా కాలేదు. ఒకనాడు మా మేనేజరుగారు (నీడలో కూడా హెల్మెట్ తీసేవారు కాదు, అందుకని మాకు ఆయన టోపీసారు) అందర్నీ పిలిచి, రోడ్డువైపు ప్రహరీ నిండా ఏదైనా తీగ పాకించాలన్నారు. "ఏడాది పొడుగునా పచ్చగుండాల. సముద్రం గాలికి మాడకూడదు. నీళ్ళు పొయ్యడం మర్సిపోయినా సావకూడదు. అలాటిది ఏటుందో ఎవులికైనా తెలుసా?" నేను చెయ్యెత్తాను. పచ్చదనం మాట వచ్చినప్పుడు గోదావరివాడు చెయ్యెత్తకపోతే ఎలా? (మా ఇంట్లో ఉన్నది ఒక్క తులసిమొక్క. దానికీ నీళ్ళు పోసేది మా అమ్మ.) "నలభై రోజులు టైమిత్తన్నాను. రేపు గోడమీద తీగ ఎండితే నీ ఉద్యోగం కూడా ఎండిపోద్ది" అని సారు నవ్వారు. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి, నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంకొకరైతే నర్సరీవాణ్ణి అడిగి ఊరుకునేవారు. నేను పరీక్ష పెట్టి తేల్చాలనుకున్నాను. సన్నజాజి, రాధామనోహరం, శంఖుపువ్వు, పరదా తీగ, కాగితంపూల తీగ, ఐదు కుండీలూ తెచ్చి నేను అద్దెకుంటున్న మేడగది ముందు వరసగా పెట్టాను. ఆదివారం మాత్రమే నీళ్ళు. పైగా రోజూ పొద్దున్నే రుషికొండ దాకా బండి మీద వెళ్ళి, క్యానుతో సముద్రపు నీళ్ళు తెచ్చి ఆకుల మీద కొట్టడం! కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు మామ్మ, సబ్బవరం వైపు వ్యవసాయం చేసుకుని వచ్చిన మనిషి, మొదటిరోజే మెట్లెక్కి వచ్చింది.

"ఏటి బాబూ అది, పురుగుమందా?"

"సముద్రం నీళ్ళు మామ్మా."

"ఉప్పునీళ్ళా! నీకేటి అన్నేయం సేసినాయి అయ్యి?"

"పరీక్ష మామ్మా. ఏది తట్టుకుంటే అది పాసు."

మామ్మ తల అడ్డంగా ఊపుకుంటూ దిగిపోయింది. నేను మాత్రం వానొచ్చినా జ్వరమొచ్చినా మానలేదు. ఒక నోటుబుక్కు పెట్టి రోజూ మార్కులు వేశాను. చిత్రమేమిటంటే ఒక్కటీ చావలేదు. అన్నిటికన్నా సుకుమారి అనుకున్న సన్నజాజి అయితే నిగనిగలాడిపోయింది. దానికి తొంభై ఐదు వేశాను. కాగితంపూల తీగ ఒక్కటే ఉప్పు చారికలతో, నాలుగాకులతో ముడుచుకుని కూర్చుంది. జాలిపడి ముప్పై ఐదు. సన్నజాజిని సిఫార్సు చేస్తూ రెండు పేజీల రిపోర్టు రాసి ఇస్తే, సారు మెచ్చుకుని, "సాయంత్రం నర్సరీకి ఆర్డరిచ్చీద్దాం, నీ నోటుబుక్కు కూడా అట్రా, సూద్దాం" అన్నారు.

దానికోసం మధ్యాహ్నం గదికి వెళ్ళాను. మామ్మ మేడమీద ఉంది. చెంబుతో సన్నజాజికి ఆకు ఆకూ కడిగి స్నానం చేయిస్తోంది!

"మామ్మా! ఏం చేస్తున్నావు?"

"ఉప్పు కొట్టీసి నువ్వెళిపోతావు. మద్దేన్నానికి గిలగిల్లాడిపోతాయి బాబూ. నాను రోజూ ఇలాగ కడిగీసి, బియ్యం కడుగు పోత్తన్నాను."

"రోజూనా?"

"మరి! పేణముందా నేదా వాటికి?"

నేను కుండీల వరసకేసి చూశాను. "అన్నిటికీ పోశావా?"

"ఆ ముళ్ళదానికి నేదు. ఒకపాలి సెయ్యెడితే గీరీసింది. సత్తే సావనీ అని ఒగ్గీసినాను."

దగ్గరికి వెళ్ళి చూశాను. నలభై రోజులూ ఎవరి దయా లేకుండా ఉప్పు తిని బతికిన ఆ తీగకి కొసన ఎర్రటి చిగురు తొడిగింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అంత పట్టుదలగా పరీక్ష పెట్టి తప్పుడు ఫలితం ఇవ్వడానికి మనసొప్పలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకుంటూ బండి తిప్పి, సారు నర్సరీకి చెయ్యడానికి ఫోను చేతిలోకి తీసుకుంటున్న సమయానికి చేరి, మామ్మ చెంబుతో సహా అంతా చెప్పేశాను. ఆయన హెల్మెట్ ఊడిపడేలా నవ్వారు. (అప్పుడే తెలిసింది, లోపల బట్టతల.)

"ఇంతకీ ఏటి ఎయ్యమంటావు?"

"కాగితంపూల తీగ సార్."

"ముప్పై ఐదు మార్కులోడినా?"

"కాపీ కొట్టకుండా రాసింది అదొక్కటే సార్."

వేశారు. గోడంతా పాకి ఇప్పుడు రోడ్డుమీదికి గులాబిరంగు కుమ్మరిస్తోంది. నా ఉద్యోగమూ నిలబడింది. మిగిలిన నాలుగు కుండీల్నీ మామ్మ, నేను మళ్ళీ ఏం చేస్తానో అని, ఆ సాయంత్రమే కిందికి దింపించేసుకుంది.

మొన్న మా ఆవిడ బాల్కనీకి ఎప్పుడూ పచ్చగా ఉండే తీగ ఏదైనా చూడమంది. నర్సరీవాడు "ఇది తీస్కోండి సార్, సావదు" అన్నాడు. సరేనని తెచ్చేశాను. ఇంటికొచ్చాక ఆవిడ "దీని పేరేమిటి?" అంటే తెల్లమొహం వేశాను. ఒకప్పటి నాలోని ఆ కుర్రాడైతే ఈపాటికి క్యాను పట్టుకుని రుషికొండ దారిలో ఉండేవాడు కదా అని, కుండీ కింద పెట్టి నడుం నిమురుకుంటూ నవ్వుకున్నాను.