వాయిదా పడని పరీక్ష

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చేరిన కోచింగ్ సెంటర్లో కొత్తగా వచ్చినవాళ్లను ఏ ఊరని అడిగేవాళ్లు కాదు, ఎన్నో అటెంప్ట్ అని అడిగేవాళ్లు. నాది మూడోది. సీఏ చదువులోకి అడుగుపెట్టాలంటే ముందు రాయాల్సిన సీపీటీ పరీక్ష అది. మొదటిసారి తప్పినప్పుడు ఇంట్లో అందరూ ఓదార్చారు. రెండోసారి ఎవరూ ఏమీ అనలేదు, నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది. మూడోసారికి పుస్తకం తెరిస్తే చాలు, ఆవలింతలు మొదలయ్యేవి. తప్పు జవాబుకు పావు మార్కు కోస్తారు కాబట్టి తెలిసినదానికి కూడా పెన్సిల్ ముందుకు కదిలేది కాదు. చదివిందే చదివి చదివి, నాకు ఏది వచ్చో ఏది రాదో నాకే తెలియకుండా పోయింది. ఈసారి కూడా తప్పితే పుస్తకాలు కట్టేసి ఏదో ఒక ఉద్యోగంలో చేరతానని ఇంట్లో చెప్పేశాను. ఆ మాట ఎందుకు అన్నానా అని రోజూ అనుకునేదాన్ని.

మా ఇల్లు అల్మాస్‌గూడలో. మా నాయిన ఆర్టీసీ డ్రైవర్. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. బంద్ అన్నారంటే బస్సు డిపోలోనే ఉండేది, నాయిన రోడ్డు మీద ఉండేవాడు. డిపోలో కనబడ్డవాళ్లకల్లా "మా బిడ్డ సీఏ చదువుతున్నది, ఈసారి అయిపోతది" అని చెప్పేవాడు.

బంద్ రోజు కూడా మాకు క్లాసు ఉండేది. ముందు షట్టర్ దించేసి, వెనక మెట్ల మీదుగా ఒక్కొక్కరినే పైకి పంపేవాళ్లు. బ్యాగులు తేవద్దు, నోట్సు చున్నీ కింద పెట్టుకుని రండి అని ముందే చెప్పేవాళ్లు. కింద ఊరేగింపు పోతున్నంతసేపు సార్ బోర్డు మీద రాయడం ఆపేసి చాక్‌పీసు పట్టుకుని నిలబడేవారు. బయట "జై తెలంగాణ" అని అరుస్తుంటే లోపల సగం మందిమి పెదాలు కదిపేవాళ్లం. మిగతా సగం మంది పుస్తకంలోకి చూసేవాళ్లు. బయట అరిచేవాళ్లలో మా నాయిన ఉన్నాడేమోనని నేను గొంతులు వెతుక్కునేదాన్ని. ఊరేగింపు దాటిపోయాక సార్ మళ్లీ లెక్క అందుకునేవారు.

నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్లది కృష్ణా జిల్లా. ఎప్పుడో వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లోనే స్థిరపడ్డారు. తనది మొదటి అటెంప్టే అయినా నన్ను ఒక్కరోజు కూడా తక్కువగా చూడలేదు. ఉద్యమం గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాకు ఆ ఓపిక కూడా లేదు.

ఆ ఏడాది ఏ పరీక్ష కూడా చెప్పిన రోజున జరగలేదు. బంద్ అనగానే టీవీలో కింద అక్షరాలు పరిగెత్తేవి, ఫలానా పరీక్ష వాయిదా అని. మా కాలనీలో పిల్లలు బంద్ పిలుపు వినగానే పుస్తకాలు మూసేసేవాళ్లు. అది అందరికీ అలవాటైపోయింది. సార్ మాత్రం మాకు ముందే చెప్పారు. "మనది దేశమంతా ఒకేరోజు రాసే పరీక్షమ్మా. మన బంద్‌ల కోసం ఢిల్లీలో వాళ్లు ఆపరు."

సరిగ్గా మా పరీక్ష ఉన్న ఆదివారమే బంద్ వచ్చింది. శనివారం మధ్యాహ్నం టీవీలో ఎప్పటిలాగే అక్షరాలు పరిగెత్తాయి, రేపటి పరీక్షలు వాయిదా అని. అవి యూనివర్సిటీ దూరవిద్య పరీక్షలు. అంతా చదివాను, నాకు బాగానే అర్థమైంది. అయినా నాయిన వైపు తిరిగి "నాయినా, పరీక్ష వాయిదా పడ్డది" అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలంటే ఒకటే కారణం. అలసిపోయాను. రాయకపోతే తప్పినట్టు కాదు కదా అనుకున్నాను.

నాయిన సంబరపడ్డాడు. "మంచిగైంది బిడ్డా. ఇన్ని దినాలు కండ్లు పోయేట్టు చదివినవ్. జర పండుకో" అన్నాడు.

సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఏమే, వాయిదా అంటున్నారు, అది మనది కాదంట. సార్‌ని అడిగాను. బంద్ కదా అని మేం ఇప్పుడే వెళ్లిపోతున్నాం, హయత్‌నగర్‌లో మా పిన్ని వాళ్లింట్లో ఉంటాం. నువ్వు కూడా వచ్చెయ్యవే, అక్కణ్ణించి పరీక్ష సెంటర్‌కి నడిచిపోవచ్చు."

"సరే, చూస్తా" అని ఫోన్ స్విచాఫ్ చేశాను. చాలా నెలల తర్వాత ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

పొద్దున ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు ఉంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని తిని నిరసన తెలపడం అప్పట్లో మామూలే. నాయిన ఉల్లిగడ్డల సంచీ స్కూటర్ ముందు పెట్టుకుని బయల్దేరుతుండగా ఆయన ఫోన్ మోగింది. నా ఫోన్ కలవక ఆ అమ్మాయి ఆయనకే చేసింది. "అంకుల్, ఇంకా రాలేదేంటండీ? పదిన్నరకే పరీక్ష!"

నాయిన ముఖం తెల్లబోయింది. సంచీ అక్కడే దించేసి "హాల్ టికెట్ తీస్కో, తీస్కో" అని అరిచాడు. అప్పటికి పది కావస్తోంది.

కర్మన్‌ఘాట్ దాకా బాగానే వచ్చాం. చౌరస్తా చేరేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు, వాటి వెనక పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు, చుట్టూ జనం. అడ్డం నిలబడ్డవాళ్లు నాయిన డిపోవాళ్లే. ఒకాయన నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏందన్నా, ఉల్లిగడ్డ తెస్తనని బిడ్డను తెచ్చినవ్?"

"పరీక్షున్నదిరా. జర తొవ్వ ఇయ్యుండ్రి."

"అన్నీ వాయిదా పడ్డయ్ గదనే!"

"గిది వేరేదంటరా! నీ కాల్మొక్త, జరుగు!"

మా నాయిన తనకన్నా చిన్నవాడితో అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వాళ్లు నొచ్చుకుని నలుగురూ కలిసి రాళ్లు జరిపారు, ఒకతను ముందు పరిగెత్తి జనాన్ని తప్పించాడు. అది దాటాక మరో రెండు చోట్ల ఆపారు. అక్కడ నాయినను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. ప్రతిచోటా దిగి దండం పెట్టాడు.

సెంటర్ చేరేసరికి పదకొండు దాటి పది నిమిషాలైంది. పదకొండు తర్వాత ఎవరినీ రానివ్వరు. నాయిన గేటు ఊచలు పట్టుకుని వాచ్‌మన్‌ను బతిమాలాడు. లోపలి నుంచి ఎవరో సార్ వచ్చి మర్యాదగానే కుదరదని చెప్పి వెళ్లిపోయాడు. నేను హాల్ టికెట్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఏడుపు రాలేదు. నిజం చెప్తున్నాను, గుండెలో బరువు దిగినట్టుంది, అందుకు సిగ్గుగానూ ఉంది.

నాయిన గేటు పక్కన అరుగు మీద కూలబడ్డాడు. "రోడ్డుకడ్డం రాళ్లు పెట్టినోళ్లల్ల నేనూ ఒకణ్ణి. నా బంద్ నా బిడ్డకే తగిలింది" అన్నాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. నాకు నిన్ననే తెలుసు నాయినా, కావాలనే ఊరుకున్నాను అని రెండు ముక్కలు చెప్తే సరిపోయేది. హాల్ టికెట్ మడిచిపెట్టి స్కూటర్ దగ్గరికి నడిచాను.

ఆ తర్వాత ఆయన డిపోవాళ్లతో కూర్చోవడం తగ్గించాడు. ఎవరైనా పిలిస్తే డ్యూటీ ఉందనేవాడు. ఆరు నెలలకు మళ్లీ పరీక్ష రాశాను, పాసయ్యాను. పరీక్ష రోజు నాయిన సెలవు పెట్టి, ఎండలో గేటు బయటే సాయంత్రం దాకా నిలబడ్డాడు.

రాష్ట్రం వచ్చిందని టీవీలో చెప్పిన సాయంత్రం అల్మాస్‌గూడ అంతా బయటే ఉంది. డప్పుల దరువుకు ఎగురుతూ ఆడేవాళ్లు, పటాకులు, రంగులు. డిపోవాళ్లు బండ్ల మీద మా ఇంటికే వచ్చి నాయినను రమ్మన్నారు. ఆయన గడప దాటలేదు.

"పో నాయినా, గిన్నేండ్లు కొట్లాడినవ్ గదా" అన్నాను.

నాయిన నా దిక్కు చూశాడు. "మీరందరు ఎగురుండ్రి బిడ్డా. నాకు నీ ముంగట ఎగరబుద్ధి అయితలేదు" అన్నాడు.