నా కడుపూ, మా అత్త అనుమానమూ

మా అత్త పోయిందని ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను జమ్మలమడుగులో మా అమ్మ దగ్గర ఉన్నాను. నమ్మలేదు. పక్కింటామె ఏడుస్తూ చెబుతున్నా ఫోన్ పెట్టేసి, ఇంకో ఇద్దరిని అడిగి కనుక్కున్నాను. ఎవరేం చెప్పినా వెంటనే నమ్మకూడదన్నది అత్త దగ్గర నేర్చుకున్నదే. పొద్దున టీ తాగి మంచం మీద అట్లే ఒరిగిపోయిందట. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. అత్త వినగలిగి ఉంటే ఆ మాట కూడా ఇంకో డాక్టరు దగ్గర రూఢి చేసుకునేది.

పాలామె ఎదుటే పాలలో వేలు ముంచి చూసేది. ఒక అంగట్లో కొన్న కమ్మలను ఎదురంగట్లో తూకం వేయించేది. చదువు రాకపోయినా బస్సు టికెట్టును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పేది. మనుషుల సంగతీ అంతే. నవ్వుకుంటూ వచ్చేవాళ్లను నిలబెట్టే మాట్లాడాలి, కూర్చోబెట్టకూడదు అనేది. కొత్త కోడలిగా నాకు ఇదంతా నవ్వులాటగా ఉండేది. ఆ చూపు నా మీదికి తిరిగేదాకా నవ్వాను.

నాకు ఏడో నెల కడుపప్పుడు మా ఆయన కువైట్ పోయాడు. కాన్పు పుట్టింట్లో అయింది. అమ్మ పాత నూలు చీర చించి నా పొట్టకు కట్టింది. ఎంత బిగిస్తే పొట్ట అంత లోపలికి పోతుందని మా వైపు అందరి నమ్మకం. పాపకు అయిదో నెలలో ఎత్తుకుని అత్తింటికి వచ్చాను. పొట్ట మాత్రం తగ్గలేదు, చూసినవాళ్లకు మళ్లీ నెల తప్పినట్టే ఉండేది. పాప పాలు తాగుతోంది కాబట్టి నెలసరి కూడా మొదలు కాలేదు. మొగుడేమో కువైట్‌లో.

వీధిలో ఆడవాళ్లు మొదట నవ్వుతూ అడిగారు. తర్వాత అడగడం మానేశారు. అదే నాకు ఎక్కువ భయమేసింది. అత్త అయితే ఏమీ అనేది కాదు, చూసేది. చింతకాయ తొక్కు ఇంకాస్త వేసుకుంటే నా ముఖంలోకి చూసేది. ఫోన్ మాట్లాడుతుంటే వచ్చి ఎవరని అడిగేది. మా అమ్మ అంటే ఫోన్ లాక్కుని తానే మాట్లాడి తృప్తిపడేది. ఈ మాట కువైట్ దాకా పోతే నా కాపురం ఏమవుతుందో నాకు తెలుసు. ఆమె నోటి నుంచే పోతుందని నా అనుమానం.

కట్టు ఇంకా బిగించాను. తలుపు దగ్గరికి వేసుకుని, ఫోన్‌లో చూసి, వెల్లకిలా పడుకుని లేచే కసరత్తు మొదలుపెట్టాను. లేచిన ప్రతిసారీ పొట్ట నడిమధ్య పొలం గట్టులా ఉబ్బేది. నడుము విరిగిపోయేది. ఒకరోజు అత్త తలుపు తోసుకుని వచ్చి ఆ గట్టును కళ్లారా చూసింది. తలుపు మళ్లీ దగ్గరికి వేసి వెళ్లిపోయింది. రెండు రోజులు పోయాక, పులివెందులకు పోదాం, రెడీ అవు అంది. ప్రొద్దుటూరులో ఇన్ని ఆసుపత్రులుంటే పులివెందులకు ఎందుకో నేను అడగలేదు. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. పరీక్ష చేయించి, అటు నుంచి అటే నన్ను పుట్టింట్లో దింపేస్తుందనుకున్నాను.

అక్కడ డాక్టరమ్మ స్కానింగ్ తీసింది. నన్ను పడుకోబెట్టి తల కొంచెం ఎత్తమని, పొట్ట మధ్యలో వేళ్లు దించి చూసింది. గర్భం కాదు, గడ్డా కాదు అంది. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట కండరాలు రెండు పక్కలకీ జరిగి, మళ్లీ దగ్గరికి రాలేదట. కట్టు బిగిస్తే అవి కలవవు, ఆ కసరత్తు ఇప్పుడు చేయకూడదు అంది. మోకాళ్లు మడిచి పడుకుని, ఊపిరి వదులుతూ బొడ్డును మెల్లగా లోపలికి తీసుకోవడం నేర్పింది. పక్కకు తిరిగి లేవాలి, బరువులు ఎత్తకూడదు. అత్త మాత్రలు లేవా అని అడిగింది. అక్కర్లేదంటే ఆ డాక్టరమ్మను కూడా అనుమానంగానే చూసింది.

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. "అనుమానపడినా మ్మే. అబద్ధమెందుకు చెప్పల్ల" అంది. మళ్లీ తానే అందుకుంది. "మా యక్కను గూడా ఇట్లే అనుకున్నారు. మొగుడు పోయినంక కడుపు పెరిగితే ఊరంతా నోట్లో ఏసుకున్నారు. సిగ్గుకు ఆసుపత్రికి పోల్యా. పొయ్యేతలికి గడ్డ శానా ముదిరిపోయింది. నేను ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికాడ ఉంటి." నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు, పాపను నా ఒళ్లో పెట్టి బస్సు చూడ్డానికి లేచింది.

తర్వాత రోజూ పొద్దున్నే తలుపేసి నా పక్కన కూర్చునేది. పొట్ట మీద అరచేయి పెట్టి, "గాలి ఇడుస్తాండావా, ఊరికే పండుకోనుండావా?" అనేది. బిందె దగ్గర వంగితే దొంగను పట్టుకున్నట్టు చేయి పట్టుకునేది. నీళ్లు తానే మోసింది. నెలలు పట్టింది. నడుము నొప్పి పోయింది, కండరాలు చాలావరకు దగ్గరికొచ్చాయి. ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పినా ఆమె నమ్మలేదు. పాప బడికి పోయే వయసొచ్చాక కూడా అప్పుడప్పుడూ నన్ను పడుకోబెట్టి తన వేళ్లతో చూసుకునేది. విసుక్కునేదాన్ని గానీ, ఆ చేయి నాకు ఇష్టంగా ఉండేది.

కర్మకాండ ముగిశాక మా ఆయన ఒక మాట చెప్పాడు. ఆ రోజుల్లో మా బంధువొకామె కువైట్‌కు ఫోన్ చేసి నా గురించి ఏదో చెప్పబోయిందట. వినకుండా పెట్టేశాడట. ఎందుకు పెట్టేశావంటే, అంతకుముందే వాళ్లమ్మ ఫోన్ చేసిందన్నాడు. "కోడలి గురించి ఎవురు ఫోన్ జేసినా పెట్టేయి నాయనా. నాయింట్లో మనిషి సంగతి నాకు తెల్సు" అందట.

ఎప్పుడని అడిగాను. పులివెందులకు పోయే ముందు రోజు. అప్పటికి డాక్టరమ్మ ఏమీ చెప్పలేదు. ఆమె అనుమానం తీరనూ లేదు.

అప్పటినుంచీ నాకు ఆ బస్సు ప్రయాణమే గుర్తొస్తోంది. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను ఇవతల కూర్చుంది. దారంతా గుంతలు. పాపను ఒక చేత్తో ఒళ్లో పట్టుకుని, ముందు సీటు కమ్మీ నా పొట్టకు తగలకుండా రెండో చేతిని పులివెందుల దాకా అడ్డం పెట్టే ఉంది. నేను లేచి పారిపోకుండా పెట్టిందని ఆ రోజు అనుకున్నాను.