బాగైపోయిన మిషను

"నా కంప్యూటర్లో నడుస్తోంది కదండీ!" ఈ మాట ఎవరి నోట విన్నా నా వీపు మీద పురుగుమందు డబ్బా బరువు తగులుతుంది. ఇప్పుడే నవ్వకండి, అసలు ఘోరం ముందుంది.

మొన్న మా ఆఫీసులో వనజ అనే అమ్మాయి షెల్ స్క్రిప్టు రాసింది. అంటే కంప్యూటరుకి వరసగా పనులు పురమాయించే రాత. దాన్ని చదివి పని చేయించే షెల్లులు రకరకాలు. ఈ పిల్ల షరతు పెట్టినచోటల్లా రెండేసి బ్రాకెట్లు వాడింది. అవి తన షెల్లుకే అర్థమవుతాయి. "ఒక్కటే పెట్టమ్మా, ఎక్కడైనా నడుస్తుంది," అన్నాను. అప్పుడొచ్చింది ఆ మాట.

డెబ్బైల్లో నేనూ అదే అన్నాను. తిరువూరు బస్టాండు దగ్గర టైపు నేర్చుకునేవాణ్ణి. టైపులో మొదటి పరీక్ష లోయరు పాసైతే ఉద్యోగం, తప్పితే పత్తిచేలో మందు కొట్టడం అని మా నాన్న తేల్చేశాడు. పత్తిచేనంటే నాకు చచ్చే భయం. పాసై తీరాలని పట్టు పట్టాను. కిటికీ పక్క మిషను మీద ఇంకొకణ్ణి చెయ్యి వెయ్యనిచ్చేవాణ్ణి కాదు. మాటల మధ్య ఖాళీ ఇచ్చే దాని స్పేస్ బారు ఒక్క దెబ్బకి కదలదు, రెండు దెబ్బలు పడాల్సిందే. టకటకా రెండేసి వేస్తూ దూసుకుపోయేవాణ్ణి.

"రోజుకో మిషను మీద కూర్చోవయ్యా," అనేవారు దావీదు మాస్టారు.

"నా మిషను మీద వచ్చు కదండీ! పరీక్షకి దీన్నే మోసుకెళ్తాను."

అప్పట్లో ఎవరి మిషను వాళ్ళు తీసుకెళ్ళొచ్చు. పరీక్ష నాడు పొద్దున్నే బస్సు మీద మామిడికాయల గంపల మధ్య దాన్ని కట్టించి బెజవాడ చేర్చాను.

గంట కొట్టారు. కళ్ళు ప్రశ్నపత్రం మీద, వేళ్ళు మిషను మీద. సగంలో కాయితం వైపు చూద్దును కదా, ఓరి నాయనో! మాటకీ మాటకీ మధ్య ఎద్దుబండి తోలొచ్చు. ఒక్క దెబ్బే వేద్దామని పళ్ళు బిగించాను. వేళ్ళు వింటేగా!

సూపర్వైజరు వంగి చూశాడు. "ఏవయ్యా, ఈ మాటలకి ఒకదానితో ఒకదానికి పడదా?"

బయట మాస్టారు మొహం వెలిగిపోతూ ఎదురొచ్చారు. "మిషను ఎలా ఉందయ్యా? నీ పట్టుదల చూసి ముచ్చటేసి, నిన్న సాయంత్రం నీకు చెప్పకుండా స్పేస్ బారు బాగుచేయించాను!"

ఏడ్చేశాను.

ఇంటి దగ్గర నాన్న అడిగాడు. "ఏరా, మిషను పాడైపోయిందా?"

"లేదు నాన్నా, బాగైపోయింది."

ఆయన మందు డబ్బా నా వీపుకి తగిలించాడు.

ఇదంతా విని వనజ కిసుక్కున నవ్వి రెండో బ్రాకెట్టు తీసేసింది. నేను మాత్రం ఆ డబ్బా సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఒక్క షెల్లుకే తెలిసిన రాత ఈ చేత్తో రాయను. అన్నట్టు, ఇది నేనే టైపు చేశాను. మాటల మధ్య ఖాళీలు ఎక్కువైతే మన్నించండి.