మా ఓబుళమ్మ, ఆమె బట్టల మిషను

కార్తీకం వెళ్ళిన తర్వాత వచ్చిన మొదటి మంగళవారం, పొద్దున ఎనిమిదిన్నర గంటలకు మా తోడికోడలు ఓబుళమ్మ కన్నుమూసింది. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది. గుండెల్లో మంటగా ఉందని మంచం మీద ఒరిగింది. అంతే. నేను వాకిట్లో బియ్యం ఏరుతున్నాను. లేచి లోపలికి పోయేసరికి చెయ్యి చల్లబడుతోంది. నాకంటే చిన్నది. నా వెనక పోవలసిన మనిషి. ఎంతమందిని సాగనంపానో, ఇప్పుడు ఏడుపు కూడా సరిగా రావడం లేదు. అలుపు వస్తోంది.

దినం నాడు వచ్చేవాళ్ళకు అచ్చువేసి ఇస్తాను, నాలుగు మాటలు రాయి పెద్దమ్మా అని ఆమె కొడుకు మల్లికార్జున అడిగాడు. మనవళ్ళు పుట్టినాక అక్షరాలు నేర్చినదాన్ని, నాకు వచ్చినట్టు రాస్తాను. 'సహనమూర్తి' అని మొదలుపెట్టమన్నాడు. పెట్టను. ఓబుళమ్మకు సహనం లేదు. ఆమెకు ఉన్నది శ్రద్ధ. చేపట్టిన వస్తువును చెడనివ్వని అచంచలమైన శ్రద్ధ. ఆ శ్రద్ధ నేను చూసింది ఎక్కువగా ఒక బట్టలుతికే మిషను దగ్గర. కాబట్టి దాని సంగతే రాస్తాను.

ఆమె భర్త, నా మరిది సుబ్బరాయుడు, పొలంలో నీళ్ళు అడుగంటినాక మంగంపేటలో ముగ్గురాయి పొడిచేసే మిల్లులో చేరాడు. ఆ పొడి చూడటానికి బియ్యప్పిండిలా ఉంటుంది గాని ఇనుమంత బరువు. ఒంటినిండా అది పూసుకుని ఇంటికి వచ్చేవాడు. మిషను కొన్న కొత్తలో ఆ బట్టలు అట్లాగే అందులో వేశారు. ఏడాది తిరక్కుండానే అది మొరాయించింది. మెకానిక్కు వచ్చి తొట్టి విప్పితే అడుగున తెల్లటి మడ్డి గోడలా గట్టిపడి ఉంది. ఓబుళమ్మ చీపురుపుల్లతో గీకి గీకి దాన్ని తీసింది. మరునాటి నుంచి మొగుణ్ణి అంగీతో గడప దాటనివ్వలేదు.

"ఏమ్మే, దావన పోయేవాళ్ళంతా చూస్తాండారు. అంగీ ఇప్పి నిలబెడ్తాండావే," అనేవాడు.

"చూడనీ. నిన్ను కొత్తగా చూసేదేముండాది? ఆ జేబులు తిరగేసి గోడకు కొట్టు. గట్టిగా కొట్టు."

సాయంకాలం ఆ గోడ దగ్గర తెల్లటి పొగ లేస్తే సుబ్బరాయుడు పని నుంచి వచ్చాడని వీధికంతా తెలిసేది.

ఒక దసరాకు, ఆయుధపూజ నాడు, సుబ్బరాయుడు మిషనుకు పసుపు రాసి కుంకుమ పెట్టాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ట్రాక్టరు చక్రాల కింద పెట్టినట్టు దాని నాలుగు కాళ్ళ కిందా నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, స్విచ్చి వేశాడు. ఉతికినంతసేపు బాగానే ఉంది. పిండే వేళకు అది దడదడలాడుతూ గది నడుమకు నడిచి వచ్చింది. గొట్టం ఊడింది. నీళ్ళు దేవుని గూటి దాకా పోయాయి. పక్కింటి హుసేన్‌బీ చప్పుడు విని వచ్చి, "ఏమక్కా, మీ మిషను మహానందికి బయలుదేరిందా?" అన్నది. అందరం నవ్వాము. ఓబుళమ్మ నవ్వలేదు.

"ట్రాక్టరు బయటికి పోవాల, దానికి పెట్టు నిమ్మకాయ. ఇది ఇంట్లో నిలబడాల. కాళ్ళు సమంగా ఉంటే అదే దీనికి పూజ," అన్నది. పళ్ళెంలో నీళ్ళు పోసి మిషను మీద పెట్టింది. నీళ్ళు ఏ పక్కకు ఒరుగుతున్నాయో చూస్తూ, అవి నిలిచేదాకా కాళ్ళ మరలు తిప్పింది. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మాకెవరికీ అది తోచలేదు.

మా బోరునీళ్ళ సంగతి తెలిసిందే. చెంబు లోపల తెల్లటి పెచ్చు కడుతుంది. మిషను లోపల కట్టదా? అందుకని అప్పుడప్పుడు వేడినీళ్ళు పోసి, నిమ్మ ఉప్పు వేసి, బట్టలేమీ లేకుండా తిప్పేది. నీళ్ళు వచ్చే గొట్టం మొదట ఉండే జాలీని పాత పళ్ళ బ్రష్షుతో తోమేది. పీచు పట్టే సంచీని తిరగేసి కడిగేది. పని అయినాక మూత తెరిచి ఆరబెట్టేది. వట్టి మిషను తిప్పుతున్నావేమని నేను అడిగితే, "దానికీ తలంటు పోయాల గదక్కా," అన్నది. ఈ ఇంట్లో తలంటుకు తీరిక లేనిది నీకొక్కదానికే అన్నాను. అవునన్నట్టు తల ఊపి, తుడుస్తూనే ఉంది.

తర్వాత సుబ్బరాయుడికి పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది. మాట దక్కింది గాని నడక పోయింది, మూత్రం మీద స్వాధీనం పోయింది. పూర్వం మాలాంటి ఇండ్లలో ఇటువంటి గుడ్డలు చాకలివాళ్ళు తీసుకుపోయేవాళ్ళు. వాళ్ళ పిల్లలు చదువుకుని ఆ పని మానేశారు. మంచిపని చేశారు. సుబ్బరాయుడు కొడుకును కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కోడలు రేవతి గదిలోకి వస్తే దుప్పటి గొంతు దాకా లాక్కునేవాడు. మామకు కోడలు గుడ్డలు మార్చడం మా ఇండ్లలో లేని సంగతి. అతని గుడ్డలు ఓబుళమ్మ చేతిలోంచి నేరుగా మిషనులోకి పోవాలి, ఎవరి కంటా పడకూడదు. ఆ మిషను ఒక్కరోజు ఆగితే అతని మానం వీధిలో ఆరినట్టే. ఆమె దాన్ని అంత కాపాడింది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

ఒకసారి నడుము పట్టుకుని కూర్చుని నాతో అన్నది: "నేను పోతే ఈయనకు కూడు పెట్టేవాళ్ళు ఉండారక్కా. గుడ్డలెవురు చూస్తారు?"

ఆ మంగళవారం ఆమెను వాకిట్లో పడుకోబెట్టాము. కూతురు సావిత్రి డోన్ నుంచి రావాలి, సాయంకాలం దాకా ఎత్తడానికి లేదు. పొద్దుటి ఉతుకు పడకముందే ఆమె పోయింది కదా, సుబ్బరాయుడి గుడ్డలన్నీ తొట్టిలోనే ఉన్నాయి. మధ్యాహ్నానికి అతను తడిసిన పక్కలో ఉన్నాడు. మార్చడానికి ఇంట్లో పొడిగుడ్డ లేదు. మల్లికార్జున తన పంచె తీసుకుని పోతే, "వద్దు. ఆమె పోయేదాకా ఇట్లనే ఉంటా," అని కండ్లు మూసుకున్నాడట.

కొడుకు ఏడుస్తూ బయటికి వచ్చాడు. రేవతి ఎవరినీ అడగలేదు. లోపలికి పోయి స్విచ్చి వేసింది. తొట్టిలోకి నీళ్ళు పడే చప్పుడు వాకిట్లోకి వినిపించింది. ఏడుపులు ఆగాయి. మా పెద్దమరిది కొండయ్య లేచి నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది? శవం లేయకముందే ఉతుకు పెడ్తారా? దినాలు కావద్దా?"

"మామ తడిగుడ్డల్లో ఉండాడు పెద్దమామా," అన్నది రేవతి గడపలో నిలబడి. "దినాలయ్యేదాకా అట్లనే ఉండమని మీరే వచ్చి చెప్పండి."

కొండయ్య నా వంక చూశాడు. కూర్చో కొండయ్యా అన్నాను. కూర్చున్నాడు.

పిండిన గుడ్డలు ఆ వాకిట్లోనే, ఆమె ఎదురుగానే, తీగ మీద ఆరాయి. ఎండ బాగా ఉంది. రేవతి వాటిని తీసుకుని గదిలోకి పోతే నేను తోడు పోయాను. సుబ్బరాయుడు దుప్పటి లాక్కోబోయాడు. "మామా, అత్త లేదు. నేనే ఉండా," అన్నదా పిల్ల. అతను గోడవైపు మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత బాగున్న చెయ్యిని పైకెత్తి, ఆమెకు అడ్డం లేకుండా పక్కకు పెట్టుకున్నాడు.

ఆమె లోటు తీరనిదని రాయాలి. తీరదు. ఆ శ్రద్ధ ముందు తలవంచి నమస్కరిస్తున్నాను. ఇంకొక సంగతి కూడా రాయాలి. శవం ఉండగా మిషను తిప్పినారని, ఆ కోడలికి బుద్ధి చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరా అని బంధువులు అడుగుతున్నారట. లేకేం, ఉన్నాము. అందరమూ విన్నాము, ఎవరమూ ఆపలేదు. నిందించేవాళ్ళు ఆ పిల్ల ఒక్కదాన్నే నిందించకుండా పేర్లన్నీ రాస్తున్నాను. కొడుకు మల్లికార్జున. కోడలు రేవతి. మా పెద్దమరిది కొండయ్య, అతని భార్య సుబ్బమ్మ. పక్కింటి హుసేన్‌బీ. గుడ్డలు ఇంకా తీగ మీద ఉండగానే వచ్చి చేరిన కూతురు సావిత్రి, అల్లుడు నాగరాజు. నేను, గంగమ్మను. లోపల మంచం మీద సుబ్బరాయుడు. వాకిట్లో, ఆ గుడ్డల నీడ మొహం మీద పడుతుండగా, ఓబుళమ్మ.