పేర్లు కనిపిస్తే చాలదు

గంటసేపు వీడియో ఆడించాక పెన్‌డ్రైవ్‌ను లాగి పట్టుకుంటే అరచేతిలో వెచ్చగా తగులుతుంది. మొన్న ఆదివారం టీవీ పక్కనున్న మీడియా ప్లేయర్ డబ్బాలోంచి అలా తీసి, చల్లారేదాకా చేతిలోనే ఉంచుకున్నాను. వేడెక్కిందంటే లోపల ఏదో పని జరిగిందన్నమాట. ఆ పని సరిగ్గా జరిగిందో లేదో మాత్రం ఆ వేడి చెప్పదు. ఇలా ఆలోచించడం నాకు గౌరునాయుడు మావయ్య నుంచి వచ్చింది.

ఆయన మాకు చుట్టం కాదు. టాటానగర్ బర్మామైన్స్ పేటలో మా పక్క వాటాలో ఉండేవారు. అక్కడే లోకో పైలట్‌గా, అంటే రైలింజను డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంజన్‌లో సిగ్నల్ కనబడగానే డ్రైవరూ అసిస్టెంటూ దాని రంగు పైకి చెప్పుకోవాలి. ఒకరు చెబితే రెండోవారు తన కళ్ళతో చూసి మళ్ళీ అదే మాట అనాలి. రిటైరయ్యాక ఆ అలవాటును ఆయన ఇంట్లోకి తెచ్చారు. హాల్లోంచి "గ్యాస్ బంద్" అని ఆయన కేకేస్తే, వంటింట్లోంచి రమణమ్మ అత్తయ్య "బంద్" అనాలి.

"సూసి సెప్పావా, ఊరికే సెప్పావా?"

"ఊరికే సెప్పాను. వచ్చి నువ్వే సూసుకో. బండి నడపడం మానేసి ఇప్పుడు నన్ను నడపతన్నావు."

ఆయన నిజంగానే లేచి వెళ్ళి చూసి వచ్చేవారు.

నేను పెద్దగా చదువుకోలేదు. ఒక కాంట్రాక్టరు ఆఫీసులో ఇనుప ప్లేట్ల బరువులు లెక్కకట్టడం నా పని. కొలతలు, గుణకారాలు, పట్టికలు అన్నీ సొంతంగా నేర్చుకున్నవే. పనిలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం నా లెక్క మొత్తం, కాటా మీద తూచిన బరువుతో సరిగ్గా కలిసింది. సంబరపడి కాగితం తెచ్చి ఆయనకు చూపించాను.

"కలిసిందంటే నాకు బయమే," అన్నారు. "ఒక్కొక్కటీ మళ్ళీ సూడు."

నాకు కోపం వచ్చింది. అయినా ఆయన గుమ్మంలోనే కూర్చుని చూశాను. ఒక ప్లేటు మందం ఎక్కువ వేశాను, ఇంకోదాని పొడవు తక్కువ వేశాను. అక్కడ పెరిగింది ఇక్కడ తగ్గి మొత్తం కలిసిపోయింది. ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. "రెండు తప్పులూ ఒకదానికొకటి సాచ్చెం సెప్పుకున్నాయి," అని పేపరు తిప్పుకున్నారు. ఆ తరువాత కలిసిన మొత్తాన్ని చూస్తే నాకు నిశ్చింత కలగడం పోయింది.

అత్తయ్య పోయాక ఆయన అనుమానం ముదిరింది. మాట్లాడుతున్న అత్తయ్య ఒక్క వీడియోలోనే మిగిలింది. కార్తీక మాసంలో నది ఒడ్డున వనభోజనాల నాడు తీసినది, కూతురు ఉమ ఫోనులో ఉంది. ఉమ, అల్లుడు శంకర్ అదే ఊళ్ళో అగ్రికో పేటలో ఉంటారు. శంకర్ మన తెలుగువాడే, ఇక్కడే పుట్టి పెరిగాడు. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది. ఆ ఫోను అద్దం పగిలింది. దాన్ని ఇచ్చేసి కొత్తది తీసుకుంటున్నారు. అందులోని ఇంటి వీడియోలు టీవీలో చూసుకునేలా పెన్‌డ్రైవ్‌లో వేసి తండ్రికి ఇస్తానంది ఉమ. ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చని కూడా చెప్పింది.

"ఎవడి గోడౌనో తెలీదు, తాళం ఎవడి కాడుందో తెలీదు. నాకు సేతిలో ఉండాల," అన్నారు మావయ్య.

ఫోను మార్చే రోజు మధ్యాహ్నం ఉమ, శంకర్ మావయ్య ఇంటికి వచ్చారు, నేనూ అక్కడే ఉన్నాను. స్టేషను బయట ఫుట్‌పాత్ మీద కొన్న పెన్‌డ్రైవ్‌లోకి శంకర్ వీడియోలన్నీ ఎక్కించాడు. దాని మీద అరవై నాలుగు జీబీ అని రాసి ఉంది. కొత్త ఫోను తెచ్చిన మనిషి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పాత ఫోనులో ఉన్నదంతా చెరిపి అతనికి ఇవ్వాలి.

"హో గయా పాపాజీ. సబ్ ఆ గయా," అంటూ అన్నీ వచ్చేశాయన్నాడు శంకర్.

దాన్ని టీవీ పక్కనున్న మీడియా ప్లేయర్ డబ్బాలో పెట్టి, టీవీ మీద జాబితా చూశాను. ఫోనులో ముప్పై ఒకటి, ఇక్కడా ముప్పై ఒకటి. సైజులూ సరిపోయాయి. లెక్క కలిసిందని చెప్పాను.

"పేర్లు సూపించావు. మీ అత్తని సూపించు," అన్నారు మావయ్య.

వనభోజనాల వీడియో జాబితా చివర్లో ఉంది. నొక్కితే తెర నల్లగా అయి, ఈ ఫైలు ఆడదని వచ్చింది. "ప్లేయర్ పురానా హై పాపాజీ, యే ఫార్మాట్ నహీ లేతా," అన్నాడు శంకర్. అది జరగని విషయం కాదు. పాత డబ్బాలు కొన్ని రకాల వీడియోలను తీసుకోవు. గుమ్మంలో మనిషి "జల్దీ కీజియే" అని తొందరపెడుతున్నాడు. శంకర్ బొటనవేలు చెరిపే బటను మీదికి వెళ్ళింది.

మావయ్య లేచి అతని మణికట్టు పట్టుకున్నారు. "నీకేటంత తొందర? మనిషి పోయింది కదాని బొమ్మ కూడా తుడిసేత్తావా?"

"నాన్నా, అదేటి మాట?" అంది ఉమ.

శంకర్ ఫోను బల్ల మీద పెట్టి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, కొత్త ఫోను వద్దని చెప్పి ఆ మనిషిని పంపేశాడు. తిరిగి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఎవరి ముఖం చూడాలో తెలియక నేను రిమోటు తీసుకున్నాను. పై నుంచి ఒక్కొక్కటే నొక్కాను. మొదటి కొన్ని ఆడాయి. ఒకచోట ఆగాక ఇంక ఒక్కటీ ఆడలేదు. అన్నీ ఒకే ఫోనుతో తీసినవి, ఒకే రకం. డబ్బాకు ఆ రకం పడకపోతే మొదటివీ ఆడకూడదు. ఆడిన వాటి సైజులు కూడితే ఎనిమిది జీబీకి దగ్గరగా వచ్చింది. నా ఆఫీసు పెన్‌డ్రైవ్ ఇచ్చి, వనభోజనాల వీడియో ఒక్కటే అందులో వేయమని శంకర్‌ను అడిగాను. అదే డబ్బాలో పెడితే ఆడింది. పైన అరవై నాలుగు అని రాసి లోపల ఎనిమిదే పెట్టి అమ్మిన సరుకన్నమాట అది. నిండిపోయాక కూడా పేర్లూ సైజులూ రాసుకుంటూ పోయింది. బొమ్మలు మాత్రం నిలవలేదు.

తెర మీద చెట్లు, చాపలు, విస్తళ్ళు కనిపించాయి. మనిషి కనబడకముందే ఫోను వెనక నుంచి నవ్వు వినిపించింది. "అత్తమ్మా, ఇధర్ దేఖియే." ఇటు చూడమంటున్నది శంకర్ గొంతు. ఆ వీడియో తీసింది అతనేనని అప్పటిదాకా మాలో ఎవరికీ గుర్తు రాలేదు.

పులిహోర గరిటె పట్టుకున్న అత్తయ్య నేరుగా మావైపు చూసింది. "నన్నేటి సూత్తావు బాబూ. పొద్దున్నుంచి అందర్నీ తీత్తానే ఉన్నావు. నువ్వు తిన్నావా? ఆ ఫోనక్కడెట్టి కూకో." తెర మీద బొమ్మ పక్కకు ఒరిగి గడ్డి కనిపించింది. గడ్డి మీదుగా, ఇంకొంచెం వేయనా అని అడుగుతున్న ఆమె గొంతు కొంతసేపు వినిపించి ఆగింది.

మావయ్య చివరిదాకా చూశారు. తప్పయిందనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు, ఆ రోజూ వినలేదు. తాను కూర్చునే కుర్చీని టీవీ ముందుకు జరిపి, రిమోటు శంకర్ చేతిలో పెట్టారు.

"కూకో బాబూ. మొదట్నుంచి ఎట్టు."

శంకర్ కూర్చుని రిమోటు నొక్కాడు. మావయ్య అతని పక్కన నిలబడే చూశారు.

మావయ్య ఇప్పుడు లేరు. ఆఫీసులో కుర్రవాళ్ళు నన్ను అనుమానం దీదీ అంటారు. ఏ జాబితా వచ్చినా ముందు ఆఖరిదే తెరుస్తాను. కలిసిన మొత్తాన్ని నమ్మను. ఆ అనుమానం తగ్గలేదు, తగ్గాలనీ నాకు లేదు. కానీ ఎవరి లెక్క మీదైనా అనుమానం వస్తే, వాళ్ళను పిలిచి పక్కన కూర్చోబెట్టి, తిన్నారా అని అడుగుతాను. ఆ తరువాతే కాగితం తీస్తాను.