ముప్పై ఆరు వారాల రెండు రోజులు

అది 2023 జూన్. నరసరావుపేటలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నేను అప్పటికి ఇరవై రెండేళ్లుగా లేబర్ రూమ్ సిస్టర్‌ని. మాది మాచర్ల దగ్గర పల్లె. మా నాన్న నాపరాయి క్వారీలో పనిచేసి నన్ను నర్సింగ్ చదివించాడు. ఇన్నేళ్లలో ఎన్ని కాన్పులు చూశానో లెక్కపెట్టలేదు. బస్టాండులో, కూరగాయల బజారులో ఎవరో ఒక తల్లి ఆపి, "వీడు మీ చేతుల్లోనే పుట్టాడు సిస్టర్" అంటూ ఉంటుంది. నాకు వాడూ గుర్తుండడు, ఆ తల్లీ గుర్తుండదు. గుర్తున్న కేసు ఒకటే. ఆ పాపను చూపించి నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు.

ఆ అమ్మాయి పేరు శ్రావణి అనుకోండి. పుట్టిల్లు కారంపూడి, అత్తిల్లు నరసరావుపేట. మొగుడూ తనూ ఇంగ్లండ్‌లో ఉద్యోగాలు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని పెద్దవాళ్లు పట్టుబడితే ఏడో నెలలో ఒంటరిగా వచ్చింది. మొదటిసారి మా ఓపీకి వచ్చినప్పుడే చేతిలో ఇంత లావు ఫైలు ఉంది. అక్కడ గర్భిణి తాలూకు రికార్డు మొత్తం ఆమె దగ్గరే ఉంటుందట, దాన్ని మెటర్నిటీ నోట్స్ అంటారట. మన దగ్గర కేసు షీటు ఆసుపత్రి సొత్తు. పేషెంటు దాన్ని తిరగేస్తే, "అమ్మా, అక్కడ పెట్టు" అని కసురుతాం. ఆ అమ్మాయి మాత్రం తన ఫైలు తెరిచి, బీపీ ఎంత రాశానో చూసుకుని, తేదీ వేశానో లేదో కూడా చూసింది.

నాకు ఒళ్లు మండింది. ఉన్న మాట చెప్పాలి కదా.

ఇంకా ఉంది. అక్కడ మామూలు కాన్పును డాక్టరు చూడదట, మిడ్‌వైఫ్ చూస్తుందట. మిడ్‌వైఫ్ అంటే కాన్పులు చేయడానికే చదువుకున్న నర్సు. ఆమె మాటకు అక్కడ డాక్టరు మాటంత విలువట. శ్రావణి తన మిడ్‌వైఫ్ గురించి చెప్తుంటే సొంత పిన్ని గురించి చెప్తున్నట్టు ఉండేది. ఫైల్లో బర్త్ ప్లాన్ అని రెండు పేజీలు ఉన్నాయి. కాన్పు ఎలా జరగాలని తల్లి కోరుకుంటోందో ముందుగా రాసిపెట్టుకునే కాగితం అది. నొప్పుల్లో నడవనివ్వాలి, పక్కన తోడు ఉండాలి, బిడ్డ పుట్టగానే తుడవకుండా రొమ్ము మీద పడుకోబెట్టాలి, ఏం చేసినా ముందు చెప్పి చేయాలి.

"మా లేబర్ రూమ్‌లో రెండు మంచాలు, రెండు ఫ్యాన్లు. నడవడానికి చోటు లేదమ్మా" అన్నాను.

"వరండాలో నడుస్తాలే సిస్టర్" అని నవ్వింది. మంచి పిల్లే. నేనే ముఖం ముడుచుకుని ఉన్నాను. ఇరవై రెండేళ్ల నా పనిని ఎవరో రెండు పేజీల కాగితంతో తూకం వేస్తున్నట్టు అనిపించింది.

ఒకరోజు ఓపీలో ఎవరూ లేనప్పుడు నా చెవి దగ్గరికి వంగి, "పాప సిస్టర్" అంది. అక్కడ ఇరవయ్యో వారం స్కాన్‌లోనే అడిగితే చెప్పేస్తారు. మన దగ్గర చెప్పడం నేరమని గోడ మీద పెద్ద బోర్డే ఉంది. ఎందుకు నేరమో మనకు తెలుసు. "ఇంకెవరికీ చెప్పమాక" అన్నాను. "మా ఆయనకీ నాకే తెలుసు, ఇప్పుడు మీకు" అంది. పేరు కూడా అనుకున్నారట. ఆ రోజు నా కోపం కొంచెం తగ్గింది. అదీ నిజమే.

కానీ అసలు తకరారు వారాల దగ్గర వచ్చింది. అక్కడ గర్భాన్ని నెలల్లో లెక్కపెట్టరు. వారాలు, రోజులు. ముప్పై ఆరు వారాల మీద రెండు రోజులైతే 36+2 అని రాస్తారు. ముప్పై ఏడు నిండితేనే టర్మ్, అంటే బిడ్డ బయట బతకడానికి సిద్ధమైనట్టు. అంతకుముందు పుడితే ప్రీటర్మ్, నెలలు నిండని బిడ్డ. మాకూ చదువులో నేర్పింది అదే, మా పుస్తకాల్లోనూ అదే ఉంది. కానీ పల్నాడులో ఏ ఇంట్లోనూ వారాలు నడవవు. నెల పడితే నిండినట్టే. తొమ్మిదో నెల మొదలైన రోజునే, "దీనికి తొమ్మిది" అంటారు. ఇన్నేళ్లు వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ మేమూ అలాగే అనడం మొదలుపెట్టాం.

జూన్ రెండో వారంలో శ్రావణిని వెంటబెట్టుకుని అత్తగారు, తల్లి ఇద్దరూ వచ్చారు. అత్తగారు మనిషి చెడ్డది కాదు. కోడలికి రోజూ దానిమ్మకాయలు ఒలిచి డబ్బాలో పంపేది. కానీ తను అనుకున్నది జరగాల్సిందే అనే మనిషి. వస్తూనే బ్యాగులోంచి కాగితం తీసింది.

"మా సిద్ధాంతిగారు రాసిచ్చారమ్మా. గురువారం పది నలభై నుంచి పదకొండున్నర లోపు. దివ్యమైన లగ్నం. అది దాటితే ఆషాఢం వచ్చుద్ది. ఆషాఢంలో పుడితే తండ్రికి గండం అంట. మా వాడు ఒక్కడే కొడుకు."

ముహూర్తం సిజేరియన్లు మాకు కొత్త కాదు. నెలకు కొన్ని పడుతూనే ఉంటాయి. అంతా నిండినవాళ్లకైతే పెద్ద ఇబ్బందేమీ ఉండదు. శ్రావణి ఫైలు తెరిచింది.

"అత్తయ్యా, గురువారానికి ముప్పై ఆరు ప్లస్ టూ. ఇంకా టర్మ్ కాలేదు. నాకు నొప్పులు లేవు, బీపీ లేదు, షుగర్ లేదు. కోయాల్సిన పనేంది?"

"ఏంది ఆ ప్లస్సులు? తొమ్మిదో నెల పడి పదిరోజులైంది. ఏడో నెల పిల్లలు బతకట్లా? మీ ఆయనే ఏడో నెల పిల్లాడు."

"అక్కడ ఇట్టా చేయరు అత్తయ్యా. కారణం లేకుండా ముప్పై తొమ్మిది వారాల్లోపు అసలు కోయరు."

"అక్కడ సంగతి అక్కడ. పురుడు పోసేది ఇక్కడ."

శ్రావణి తన తల్లి వైపు చూసింది. తల్లి నేల చూపులు చూస్తూ, "పెద్దావిడ మాట కాదనబాక అమ్మా. రేపు అల్లుడికేమైనా అయితే నిన్నే అంటారు" అంది. మొగుడికి ఫోన్ కలిపారు. అతను అటునుంచి కాసేపు వాదించాడు. వాళ్లమ్మ ఏడ్చింది. ఏడ్చేసరికి, "డాక్టర్‌గారు సేఫ్ అంటే సరే" అని జారుకున్నాడు.

డాక్టర్ మేడం స్కాన్ చూసింది. బిడ్డ బరువు రెండున్నర కిలోలు పైనే. "బరువు బాగానే ఉంది, పర్లేదు" అంది. వాళ్లు బయటికి వెళ్లాక నేను ఊరికే ఉండలేక, "ఒక వారం ఆగమందామా మేడం?" అన్నాను. "ఆగమంటే ఎదురుగా ఉన్న హాస్పిటల్‌కి పోతారు సిస్టర్. అక్కడ గురువారమే చేస్తారు. ఆ చేసేదేదో మనం చేద్దాం" అంది. నేను మళ్లీ గట్టిగా అడగలేదు.

బుధవారం సాయంత్రం అడ్మిట్ చేశాం. గురువారం పొద్దున తొమ్మిదింటికి కన్సెంట్ ఫారం తీసుకుని వెళ్లాను. కన్సెంట్ అంటే ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నానని పేషెంటు చేసే సంతకం. మన దగ్గర సాధారణంగా ముందు ఇంట్లోవాళ్లు సంతకం చేస్తారు, చివరికి మేం వేలు పెట్టి చూపించిన చోట పేషెంటు గీస్తుంది. శ్రావణి మాత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. చదివి నా వైపు చూసింది.

"సిస్టర్, మీరు ఇన్నేళ్లుగా చూస్తున్నారు. నిజం చెప్పండి. మీ కూతురైతే ఇవాళ కోయనిస్తారా?"

ఇప్పటికీ ఆ ప్రశ్న అక్కడే నిలబడి ఉంది. కోయనివ్వను. ఆ సంగతి నాకు తెలుసు. ఆ గదిలో ఆ అమ్మాయి తరఫున ఒక్క మాట అనగలిగినదాన్ని నేనొక్కదాన్నే. తన మిడ్‌వైఫ్ దగ్గర లేదు, నేనున్నాను. కానీ థియేటర్‌లో మత్తు డాక్టరు వచ్చి కూర్చున్నాడు. బయట అత్తగారు వాచీ చూసుకుంటోంది. ఆ పైన నా కడుపులో ఆ ఫైలు మీది పాత కోపం ఇంకా ఉంది. అక్కడ అట్టా, ఇక్కడ ఇట్టా అంటుందిగా, ఇక్కడా పిల్లలు పుడుతున్నారులే అనుకున్నాను.

"తొమ్మిదో నెల వచ్చాక భయమేముందమ్మా. ఏం కాదు. సంతకం పెట్టు" అని పెన్ను చేతికిచ్చాను.

నా మాట నమ్మి పెట్టింది.

పది యాభై రెండుకి పాప పుట్టింది. పుట్టగానే ఏడ్చింది, సన్నగా. అందరం హమ్మయ్య అనుకున్నాం. బయట అత్తగారు టైము రాసుకుని సిద్ధాంతికి ఫోన్ చేసింది. ఆడపిల్లని ఏమీ బాధపడలేదు, అది కూడా చెప్పాలి. "లక్ష్మీదేవి" అని స్వీట్లు పంచింది. నేను బర్త్ ప్లాన్ గుర్తుపెట్టుకుని పాపను తల్లి బుగ్గకు ఆనించాను. మొత్తం కాగితంలో మేం పాటించింది అదొక్కటే, అదీ అరనిమిషం.

అరగంట తిరగకముందే పాప మూలగడం మొదలుపెట్టింది. ఊపిరి వదిలినప్పుడల్లా చిన్న మూలుగు. దాన్ని గ్రంటింగ్ అంటాం. ఊపిరితిత్తులు ఇంకా తయారుకాని పిల్లలు గాలిని లోపల పట్టి ఉంచుకోవడానికి అలా మూలుగుతారు. డొక్కలు లోపలికి పోతున్నాయి. పెదాలు నీలం రంగుకు తిరిగాయి. ఆక్సిజన్ పెట్టాం, చాలలేదు. మా దగ్గర వెంటిలేటర్ లేదు. పన్నెండున్నరకు అంబులెన్స్‌లో గుంటూరు పంపాం. నేనే ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. దారంతా ఆ మూలుగు లెక్కపెడుతూనే ఉన్నాను.

సాయంత్రానికి అత్తగారి ఫోన్‌కి జాతకం వచ్చింది. సిద్ధాంతి వాట్సాప్‌లో పంపాడు. మర్నాడు నాకు చూపించింది. "చూడమ్మా, దీర్ఘాయుష్షు అని రాశారు. ఎనభై దాటుద్దంట. ఏం కాదు, చూస్తుండు." ఫోన్‌ను కొంగుతో తుడిచి మళ్లీ చదువుకుంది. తిడదామని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. తిట్టడానికి నాకేం అర్హత ఉంది?

మూడో రోజు మధ్యాహ్నం గుంటూరు నుంచి కబురు వచ్చింది. శ్రావణి తన కూతుర్ని చూసింది ఆ అరనిమిషమే.

ఆమెను ఇంకో మూడు రోజులు ఉంచాం. కుట్లు మానుతున్నాయి. పాలు పడ్డాయి. పాలు ఆగడానికి మాత్ర వేయాల్సింది నేనే. వేశాను. శ్రావణి ఏడవకుండా మింగింది. వచ్చినవాళ్లంతా, "మన రాత అమ్మా, ఏం చేస్తాం" అని వెళ్లారు. రాత సంగతి నాకు తెలియదు గానీ తేదీ రాసింది ఎవరో అందరికీ తెలుసు.

డిశ్చార్జి రోజు ఫైలు తీసి చివరి పేజీ తెరిచింది. కాన్పు వివరాలు రాయాల్సిన పేజీ అది.

"ఇది మీరు నింపాలి సిస్టర్. అక్కడికి పోయాక నా మిడ్‌వైఫ్ అడుగుద్ది."

కేసు షీటు పక్కన పెట్టుకుని చూసి రాశాను. తేదీ. టైము. బరువు. ఎన్ని వారాలు అన్న చోట 36+2. సిజేరియన్‌కి కారణం అన్న చోట ఆగాను. మా కేసు షీటులో మేడం రాసింది, మెటర్నల్ రిక్వెస్ట్. అంటే తల్లి కోరిక మీద చేశామని. ముహూర్తం కేసులన్నిటికీ మేం రాసేది అదే. ముహూర్తం అని రాయడానికి ఏ పుస్తకంలోనూ చోటు లేదు. రేపు ఎవరైనా అడిగితే ఆసుపత్రికి ఇబ్బంది రాకూడదు. నేను కూడా అదే రాశాను. కింద నా సంతకం పెట్టాను.

శ్రావణి ఫైలు తీసుకుంది. ఎప్పటిలాగే మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"నేను అడిగానా సిస్టర్?" అంది.

అరవలేదు, నిలదీయలేదు. మామూలుగానే అడిగింది. ఆమె ఫైలు మూసి సంచిలో పెట్టుకుని, పొట్ట పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది. తల్లి వెనకాల డబ్బాలు మోసుకుంటూ వెళ్లింది.

ఆ కేసు నాకేం నేర్పింది అంటే, పెద్ద విషయాలేమీ కాదు. వాళ్ల దేశం గొప్పదనీ మనది తక్కువనీ నేను అనుకోవట్లేదు. ముప్పై ఏడు వారాలన్న సంగతి నాకూ తెలుసు. తెలిసి కూడా నేను తొమ్మిదో నెల అన్నాను. వాళ్లకున్నదీ మాకు లేనిదీ ఒక అలవాటు. తల్లిని అడిగి, తల్లి చెప్పింది రాసుకునే అలవాటు.

ఇప్పుడు ముహూర్తం కేసు వచ్చినప్పుడు నేను ఇంట్లోవాళ్లను బయటికి పంపి తలుపు వేస్తాను. మేడంకి నచ్చదు. రెండుసార్లు కేకలేసింది కూడా. మాన్పించేంత పని మాత్రం చేయలేదు, లేబర్ రూమ్‌కి సీనియర్ సిస్టర్ దొరకడం కష్టం కాబట్టి. కొన్ని కేసులు ఆగుతాయి, కొన్ని ఎదురు హాస్పిటల్‌కి పోతాయి, కొన్ని ఇక్కడే జరిగిపోతాయి. నేను ఆపగలిగేది తక్కువే.

మొన్న గురజాల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు ఉంటాయి. ముప్పై ఏడు వారాలకు మూడు రోజులు తక్కువ. ఫైలూ లేదు, ప్లానూ లేదు. చేతిలో రుమాలు మాత్రం ఉంది.

"సోమవారం ఆపరేషన్ అంటన్నారు. ఎవరడిగారమ్మా?"

"మా మామయ్యగారు, సిస్టర్."

"నువ్వేమన్నావు?"

ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. రుమాలు మెలిపెడుతూ, "నన్నెవురూ అడగలేదు సిస్టర్" అంది.

నర్సెస్ నోట్స్ అని కేసు షీటులో మా సిస్టర్లకు ఒక పేజీ ఉంటుంది. బీపీ, జ్వరం తప్ప అందులో ఏం రాశామో ఎవరూ చూడరు. తేదీ వేసి, టైము వేసి, ఆ పిల్ల అన్న మాటను అన్నట్టే తెలుగులో రాశాను. నన్నెవురూ అడగలేదు. శ్రావణి పేజీలో నేను రాయాల్సిన మాట కూడా అదే.