లక్క వేసిన రేడియో

కృష్ణగిరి పాతపేటలో ఆంజప్ప రేడియో కొట్టు వెడల్పు ఆరడుగులు. ముందు ఒక చెక్క బల్ల, వెనక గోడకు మేకులు, మేకులకు బాగుచేయాల్సిన సెట్లు. మోటార్లకు తీగ చుట్టే నా కొట్టు దాని పక్కనే కాబట్టి పందొమ్మిదేళ్లు అతని పని దగ్గర నుంచి చూశాను. ఆరో తరగతిలో బడి మానేశాడు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా విప్పి, పాడుచేసి, మళ్లీ బిగించి నేర్చుకున్నదే. ఇంగ్లీషు కూడా అలాగే వచ్చింది. బాగుచేసిన సెట్టును పరీక్షించడానికి లండన్, మాస్కో, కొలంబో పట్టి గంటల కొద్దీ మోగనిచ్చేవాడు. అలా విని విని, తాను మాట్లాడలేకపోయినా, వార్తలు చదివేవాడు ఏం చెబుతున్నాడో పట్టుకునేవాడు.

అతనికొక అలవాటు. ఏ సెట్టుకు ఏ పని చేసినా తారీఖు వేసి ఒక చీటీ రాసేవాడు. తెచ్చినవారి చేత సంతకమో వేలిముద్రో వేయించి, వెనక మూత లోపలి వైపు అంటించేవాడు. రెండేళ్ల తర్వాత ఆ సెట్టు మళ్లీ వస్తే ముందు ఆ చీటీ చదివేవాడు. చేసిన తప్పులు కూడా అందులోనే ఉండేవి. ‘పోయినసారి కెపాసిటర్ తప్పుగా వేసినాను, మార్చినాను’ అని తన చేత్తో రాసుకున్న చీటీ నేను చూశాను. తన తప్పును అలా రాసి అంటించుకున్న రాజకీయ నాయకుణ్ణి మాత్రం ఇంతవరకు చూడలేదు.

1991 ఆగస్టులో ఢిల్లీ నుంచి ఒక జాతీయ నాయకుడు నడుంనొప్పికి నూనె వైద్యం చేయించుకుందామని వచ్చి, కావేరిపట్టణం దారిలో ఒక మామిడితోట బంగళాలో దిగాడు. పేరు రాయను. రాసినా ఇప్పుడెవరికీ గుర్తురాదు. సొంత నియోజకవర్గంలో తాగునీళ్లు లేవన్న సంగతి ఆయనకు పట్టేది కాదు గానీ, విదేశీ రాజకీయాలంటే ప్రాణం. మూడుసార్లు మాస్కో పోయి విందులు తిని వచ్చాడట. ‘మాస్కోలోని మా మిత్రులు’ అన్న మాట లేకుండా ఆయన ఏ ఉపన్యాసమూ ముగిసేది కాదు.

ఆయన్ని చూసుకునే పని మా జిల్లా పార్టీ ఉపన్యాసకుడు దేవేంద్ర మీద పడింది. దేవేంద్ర చేసే పని మాట్లాడడం ఒక్కటే. ఇంట్లో ఫ్యూజు పోతే మనిషిని పిలిపించుకుని, వచ్చినవాడు నిచ్చెన మీద నిలబడి ఉండగా కరెంటు పుట్టుక గురించి అరగంట చెప్పేవాడు. ఒక బుధవారం అతను నాయకుడి రేడియో చంకలో పెట్టుకుని ఆంజప్ప దగ్గరికి వచ్చాడు.

“ఏమప్పా ఆంజప్పా, ఈ సెట్టు మాస్కో మీదనే నిలిచిపోయేట్ల చెయ్యాల.”

“ఏం, ఇంకేదీ వినడా ఆయన?”

“చేతికి నాబ్ దొరికితే తిప్పతానే ఉంటాడప్పా. లండన్ వస్తే వాళ్లను తిడతాడు. అమెరికా వస్తే నన్ను తిడతాడు. మాస్కో వస్తే కండ్లు మూసుకుని తల ఊపతాడు. అదొకటి ఉంటే సాలు.”

“తల ఊపేదానికి రేడియో ఎందుకప్పా? ఊయల కట్టించు.”

“విదేశీ వ్యవహారాలు నీకు తెల్దు. చెప్పిన పని చెయ్యి.”

“చేస్తాను. అయితే ముల్లు ఈ చోట ఉంటే మాస్కో సాయంత్రం పూటే వస్తుంది. పగలు ఇంకో చోటికి పోతుంది. ముడి వేసినాక మీరు యాడికీ పోలేరు, చూసుకో.”

“సాయంత్రం సాలప్పా.”

ఆంజప్ప మాస్కో పట్టి, ముల్లును నడిపే దారాన్ని అక్కడే ముడివేసి, ముడి మీద లక్క కరిగించి పోశాడు. చీటీ రాశాడు: ‘14-8-91. తెచ్చినవారు అడిగినందున మాస్కో దగ్గర దారానికి ముడి వేసి లక్క పెట్టినాను. సెట్టులో లోపం లేదు.’ దేవేంద్ర చదవకుండానే సంతకం గీకి, దాని కింద ‘జిల్లా ఉపన్యాసకుడు’ అని కూడా రాశాడు.

అయిదు రోజులకు, సోమవారం, మాస్కోలో ప్రభుత్వం తలకిందులైంది. సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌కు ఒంట్లో బాగాలేదు, ఎనిమిదిమంది కమిటీ అధికారం చేపట్టింది అని వార్త. ఆ రోజంతా ఆంజప్ప చేతిలో పని నడుస్తూనే ఉంది, బల్ల మీద సెట్టూ మోగుతూనే ఉంది. మర్నాడు పొద్దున నాతో అన్నాడు:

“మాస్కోవాడు పొద్దున చదివిన కాగితమే సాయంత్రమూ చదివినాడు. గెలిచినోడైతే ఈపాటికి ఎవరెవరు వచ్చి కలిసినారో చెప్పుకోడా? లండన్‌లో చూస్తే జనం ట్యాంకులకు అడ్డం నిలబడినారంట. ఇది నిలిచే యవ్వారం కాదప్పా. ఆ బంగళాలో ముసలాయన మాత్రం లక్క వేసిన సెట్టు వింటా ఉంటాడు. పోయి ఒగ మాట చెప్పొస్తాను.”

తోటలో మోటారు కాలిపోయిందని నాకూ పిలుపు ఉంది. తన సెట్టును సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని అతను, తీగ చుట్ట భుజాన వేసుకుని నేను కలిసి పోయాం.

నాయకుడు నడవాలో చెక్క మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వీపంతా నూనె. దేవేంద్ర మడతపెట్టిన కాగితంతో మెట్లు దిగుతున్నాడు.

“పెద్దాయన నిన్న సాయంత్రమే ప్రకటన రాసేసినాడప్పా. కమిటీకి అభినందనలు. పేపర్లకు ఫోన్ చేసేదానికి పోతా ఉండాను.”

“ఒగ రోజు ఆగమను. ఈ సెట్టులో పది నిమిషాలు వినమను, సాలు.”

“ఆయన మూడుసార్లు మాస్కో పోయినాడు. నువ్వు హోసూరు దాటినావా?”

“దాటలేదు. నాబ్ తిప్పితే వాళ్లే ఈడికి వస్తారు.”

ఎవరు వచ్చారని నాయకుడు తల ఎత్తకుండానే హిందీలో అడిగాడు. రేడియో మెకానిక్, తమ దర్శనానికి వచ్చాడని దేవేంద్ర చెప్పాడు. నాయకుడు నూనె కారే చేయి ఒకటి గాల్లోకి లేపి మమ్మల్ని దీవించాడు. ప్రపంచ వ్యవహారాల మీద ఆయన చేసిన విచారణ అంతే.

బుధవారం పేపర్లో అభినందనలు అచ్చయ్యాయి. అదే సాయంత్రం కమిటీ కూలిపోయింది. అభినందనలు అందుకోవడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. నిజానికి ఈయన మాట కోసం మాస్కోలో కాచుకుని కూర్చున్నవారూ ఎవరూ లేరు. కానీ ఢిల్లీలో పార్టీవాళ్లే నవ్వారు. దాంతో శుక్రవారం ఇంకో ప్రకటన వచ్చింది: కృష్ణగిరిలో ఒక మెకానిక్ చేతిలో పడిన రేడియో సరిగా పనిచేయక, నాయకుడికి సమాచారం తప్పుగా అందిందట.

ఊళ్లో పరదేశపు స్టేషన్లు పట్టే సెట్లు బాగుచేసేది ఆంజప్ప ఒక్కడే. పేరు వేయకపోయినా అందరికీ తెలిసింది. మా బోటివాళ్లకు పట్టాలుండవు, గోడకు వేలాడేసుకునే సర్టిఫికెట్లుండవు. ‘వాడి చేతిలో పెడితే బాగుపడుతుంది’ అన్న మాట ఒక్కటే ఉంటుంది. పాతికేళ్లకు సంపాదించిన ఆ మాటను, రేడియో మూత కూడా విప్పడం రాని ఇద్దరు ఒక వాక్యంతో ఊడబెరికారు. శనివారం మధ్యాహ్నానికి ఏడుగురు వచ్చి తమ సెట్లు వెనక్కి తీసుకుపోయారు. ఆంజప్ప మేకుల మీంచి ఒక్కొక్కటీ దించి ఇచ్చాడు. ఏడు మేకులు ఖాళీ అయ్యాయి.

ఎనిమిదో మనిషి వెంకటలక్ష్మమ్మ. కావేరిపట్టణంలో ఇడ్లీ కొట్టు నడుపుతుంది. తన సెట్టు అడిగి తీసుకుంటూ ఉండగానే తువ్వాలు కప్పిన మూట ఒకటి పట్టుకుని దేవేంద్ర దిగాడు. బల్ల మీదికి వంగి గుసగుసలాడాడు.

“లోపలికి పోదాం రాప్పా. పెద్దాయన అన్ని స్టేషన్లూ వినాలంటాడు. ఆ లక్క తీసెయ్యి.”

“లోపల యాడుందప్పా సోటు? ఈడనే తీస్తాను.”

ఆంజప్ప తువ్వాలు లాగి, సెట్టును బల్ల నడుమ పెట్టి, వెనక మూత విప్పి దేవేంద్ర చేతికిచ్చాడు. దారిన పోయేవాళ్లు నిలబడ్డారు.

“చీటీ ఉండాది. ఉపన్యాసకుడివి కదా, గట్టిగా చదువు.”

దేవేంద్ర పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. మైకు లేకపోయినా మూడు వీధులకు వినిపించే గొంతు అది.

“ఇటు తేప్పా,” అని వెంకటలక్ష్మమ్మ మూత లాక్కుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చివరి దాకా చదివింది. “తెచ్చినవారు అడిగినందున... సెట్టులో లోపం లేదు... కింద సంతకం నీదేనా అప్పా? ‘జిల్లా ఉపన్యాసకుడు’ అని ఉండాది.”

“గరగర పెట్టెలోది కాదులేమ్మా, పెట్టె తెచ్చినోడిది,” అన్నారెవరో. జనం నవ్వారు. ఆంజప్ప నవ్వలేదు. లక్క గీకి, ముడి విప్పి, నాబ్ తిప్పాడు. లండన్ వచ్చింది, కొలంబో వచ్చింది, మాస్కో కూడా వచ్చింది. పాత చీటీ కిందనే ఇంకో వరుస రాశాడు: ‘24-8-91. లక్క తీసినాను. సెట్టులో లోపం లేదు.’ పెన్ను చాపాడు. దేవేంద్ర సంతకం పెట్టాడు. ఈసారి దాని కింద హోదా రాయలేదు.

నాయకుడు ఆ తర్వాత కూడా సభల్లో మాట్లాడాడు. మాస్కోలో జనమే గెలుస్తారని తాను ముందే చెప్పానన్నాడట. మరుసటి ఏడు దేవేంద్రను పార్టీ విదేశీ వ్యవహారాల ఉపసంఘంలో వేశారు. వాళ్ల లోకంలో అదే న్యాయం.

వెంకటలక్ష్మమ్మ మాత్రం ఆ రోజు బస్సెక్కడానికి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి తన సెట్టును బల్ల మీద పెట్టింది.

“సోమవారం వస్తానప్పా. బాగుచేసి పెట్టు.”

“ఏం చేసినానో అప్పుడు రాస్తాను. సంతకం పెట్టేముందు చదువుకో అమ్మా,” అని ఆంజప్ప దాన్ని ఖాళీ మేకులన్నిటిలో మొదటి దానికి తగిలించాడు.